పులికంప తీయడానికి జేసీబీ పెట్టాలా, వద్దా?

రాళ్లగుట్ట: నల్లమల అంచున 40 ఎకరాల వాలు, సగానికి పైగా పులికంప, అదే లాంటానా. వేసవిలోపు తీసేయాలి. జేసీబీ పెడదామనుకుంటున్నాం.

తునికాకు: వద్దండి. బకెట్ నేలను తిరగేస్తే అడుగున పడున్న గింజలకు వెలుతురు తగిలి తొలకరికి గుంపులుగా మొలుస్తాయి. గునపంతో మొదలు పక్కన మట్టి లాగి, నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరు నరకాలి. మళ్లీ చిగురు వచ్చేది దానిపైన, కాండం వేరు కలిసే ముడి నుంచే. పొదను తలకిందులుగా తిప్పి ఎండనివ్వాలి, లేకపోతే కొమ్మలు వేళ్లు దించుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు గారి బృందం చెప్పిన పద్ధతే ఇది.

రాళ్లగుట్ట: ఎంతమంది కూలీలు కావాలో చెప్పండి ముందు.

గుగ్గిలం: తగలబెడితే పోదా?

తునికాకు: పైన కాలుతుంది, మొదలు బతుకుతుంది. మధ్యలో గడ్డి పోయి ఆ ఖాళీ కూడా దానికే దక్కుతుంది. రాళ్లగుట్ట గారూ, ఆ పొదల కింద మోదుగ, తునికి వేళ్లు ఉంటాయి. నీడ తొలగగానే వాటంతటవే పిలకలు వేస్తాయి. జేసీబీ వాటినీ లాగేస్తుంది.

రాళ్లగుట్ట: కూలీల లెక్క అడిగితే వృక్షశాస్త్రం చెబుతారేంటండీ!

ఏగిస: దాన్ని తినే పురుగును వదలొచ్చుగా?

తునికాకు: 1941లోనే టెలియోనెమియా నల్లిని వదిలారు. ఆకు రాలుస్తుంది, వాన పడితే మళ్లీ చిగురే.

రాళ్లగుట్ట: మా పక్క గుట్టలో మీరు చెప్పినట్టే చేత్తో తీయించారు. ఇప్పుడు అందులో మేక కూడా దూరదు.

తునికాకు: తీశాక ఎవరైనా మళ్లీ అడుగుపెట్టారా? పిగిలిపిట్టలు, గోరింకలు వాలే చెట్ల కిందే కొత్త మొలకలు వస్తాయి. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, మూడు వానాకాలాలు పీకాలి. నాలుగాకులప్పుడు చేతికే వస్తుంది. మీకు కావలసింది ఎకరాల లెక్క, అడవి కాదు!

రాళ్లగుట్ట: మాట జాగ్రత్త. డబ్బు ఈ ఒక్క ఏడాదికే మంజూరైంది, మార్చి 31 దాటితే వెనక్కి పోతుంది. మూడేళ్లు పీకించడానికి ఎవరిస్తారు? జేసీబీ అన్నది అందుకే.

ఏగిస: అసలు గొడవ ఇదన్నమాట.

తునికాకు: అలాంటప్పుడు 40 ఎకరాలు ముట్టుకోకండి. మీ మనుషులు మూడేళ్లు చూసుకోగలిగినంతే, ఎనిమిదో పదో ఎకరాలు తీయండి. తీసినచోట తొలకరికి బోదగడ్డి గింజ చల్లండి.

రాళ్లగుట్ట: మిగతా ముప్ఫై ఎకరాల కాయలు పిట్టలు తిని తెచ్చి ఇందులోనే వేస్తాయిగా?

తునికాకు: వేస్తాయి. అందుకే కంప దట్టంగా ఉన్నచోట కాదు, పలచగా ఉండి గడ్డి ఇంకా బతికున్న పై అంచున మొదలుపెట్టండి. గడ్డి కమ్ముకున్నచోట మొలకలు తక్కువ నిలుస్తాయి.

రాళ్లగుట్ట: పై అంచుకు జేసీబీ ఎలాగూ ఎక్కదు. కింది ఇరవై ఎకరాల మాట మాత్రం నేను ఒప్పుకోను.