నగరం నడిబొడ్డున చిన్న ఫ్లాటా, శివార్లలో పెద్ద ఇల్లా?

మూడో_అంతస్తు:
నాకు 34, మా ఆవిడకి 32. పిల్లలు లేరు, ఒకటి రెండేళ్లలో అనుకుంటున్నాం. అద్దెకి రెండు ఇళ్లు చూశాం. ఒకటి నగరం మధ్యలో, సింగిల్ బెడ్‌రూమ్, మా ఇద్దరి ఆఫీసులకీ నడిచి వెళ్లొచ్చు. రెండోది శివార్లలో, డబుల్ బెడ్‌రూమ్, అద్దె నాలుగో వంతు తక్కువ, కానీ పోవడానికి 50 నిమిషాలు, రావడానికి 50. నేను ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్లాలి. తను రెండు రోజులు వెళ్తుంది, మూడు రోజులు ఇంటి నుంచే పని. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. మీరైతే ఏం చేస్తారు?

నిదానంగా:
శివార్లే. జీతంలో 30 శాతం మించి అద్దె కట్టకూడదంటారు, మధ్యలో ఇల్లంటే అది దాటిపోతుంది. పైగా పిల్లలు పుట్టాక సింగిల్ బెడ్‌రూమ్‌లో ఎలా ఉంటారు? మళ్లీ సామాను సర్దుకోవాలి, మళ్లీ అడ్వాన్సు కట్టుకోవాలి.

కిటికీ_పక్కన:
నిదానంగా గారూ, ఆ 30 శాతం అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేద కుటుంబాల అద్దెకి పెట్టిన హద్దు. 1969లో 25 శాతం ఉండేది, 1981లో 30 చేశారు. ఇద్దరు సంపాదిస్తూ, కారు అవసరం లేని చోట ఉండేవాళ్లకి అదే గీత ఎందుకు? అద్దె, ప్రయాణం కలిపి లెక్కేయాలి. ఈ దంపతుల ప్రయాణం వారానికి 700 నిమిషాలు, అంటే దాదాపు 12 గంటలు. ముప్పైల్లో ఇద్దరూ అలిసిపోయి తొమ్మిదింటికి ఇల్లు చేరితే, ఆ రెండో బెడ్‌రూమ్ తలుపు తీసేదెవరండీ?

నేను మధ్యలోనే తీసుకోమంటాను. కానీ పగలు చూసి సంతకం పెట్టకండి. రాత్రి పదకొండుకి వెళ్లండి. పడకగదిలో లైటు తీసేసి, కిటికీ మూసి, పావుగంట మాట్లాడకుండా నిలబడండి. బస్సు వెళ్తున్నప్పుడు అద్దానికి వేలు ఆనిస్తే అదురు తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో, రాత్రి పడకగదిలో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ మించొద్దని, ఉన్నట్టుండి వచ్చేది 45 దాటొద్దని ఉంది. మేం పగలు మాత్రమే చూసి ఒక ఇంట్లో దిగాం. తెల్లవారుజామున నాలుగింటికి కింద సరుకు లారీ వెనక్కి తీసేటప్పుడు ఆ కీచుమనే హారన్ రోజూ వినాల్సొచ్చింది. నిద్ర లేక ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. ఏడు నెలలకే ఖాళీ చేశాం. లాక్-ఇన్, అంటే ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస గడువు, ఏడాది కాబట్టి అడ్వాన్సులో కొంత పోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండు_తాళాలు:
శబ్దం సరే, తలుపు సంగతి చూశారా? తను హాల్లో మీటింగులో ఉంటే మీరు వంటింట్లో గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టాలి. మూసుకోగలిగే గది ఇంకొకటి లేకపోతే ఇంటి నుంచి పని చేయడం ఇద్దరికీ నరకం. ఇంకో మాట: అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించండి. ఒకరి పేరే ఉంటే, రేపు ఏదైనా తేడా వస్తే రెండో మనిషికి ఆ ఇంట్లో ఉండే హక్కుందని చూపించడం కష్టం. అద్దె ఎప్పుడు, ఎంత పెంచుతారో, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలో కూడా కాగితం మీద ఉండాలి.

నిదానంగా:
ప్రయాణం లెక్క ఒప్పుకుంటాను. పిల్లల మాటకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

కిటికీ_పక్కన:
పాప పుట్టినా మొదటి ఏడాది ఎలాగూ మీ గదిలోనే పడుకుంటుంది. ఆ ఏడాది వాళ్ల నాన్న ఆరింటికల్లా ఇంట్లో ఉండటం కావాలి, రెండో గది కాదు. తర్వాత మారొచ్చు, అద్దె ఇల్లే కదా.

మూడో_అంతస్తు:
నిన్న రాత్రి పదకొండుకి ఇద్దరం వెళ్లాం. పడకగది రోడ్డు వైపు. ఫోన్ యాప్‌లో 48 దాకా చూపించింది, యాప్ కాబట్టి ఉజ్జాయింపే. మా ఆవిడ హాల్లోకి వెళ్లి "ఇటు రా" అని పిలిచింది. హాలు వెనక వైపు, చుట్టూ గోడలే. అక్కడ 33. మంచం హాల్లో వేసుకుని, ఆ బెడ్‌రూమ్‌ని తన ఆఫీసు గది చేద్దామంది. తలుపు ఉంది, పగటి రొద హెడ్‌ఫోన్స్‌తో సర్దుకుంటానంది. వచ్చేవాళ్లు మంచం పక్కనే కూర్చోవాలి, అది ఇద్దరికీ పర్వాలేదు. ఇద్దరి పేర్లతో అగ్రిమెంటు, లాక్-ఇన్ ఆరు నెలలు అడిగాం. యజమాని రేపు చెప్తానన్నారు.