జీపీఎస్‌లో తీసిన ఫొటోకి పాత చోటు లొకేషన్ పడుతోంది

మా మండలంలో చెరువుల తూములు, మత్తడులు ఒక్కొక్కటే ఫొటో తీసి మ్యాపులో పెడుతున్నాను. వాడేది కెమెరా, వైఫై రెండూ ఉన్న హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్. మూడు వారాలుగా ఒకటే ఇబ్బంది: స్క్రీన్ ఆఫ్ అయ్యాక మళ్లీ ఆన్ చేసి తీసిన మొదటి ఫొటోకి, అంతకుముందు నిలబడ్డ చోటు లొకేషన్ పడుతోంది. నిన్న మత్తడి దగ్గర తీసిన ఫొటో 340 మీటర్లు వెనక, తూము మీద కనిపించింది. అక్కడే ఇంకో అర నిమిషం ఆగి తీస్తే సరిగ్గానే వస్తోంది.

విచిత్రం ఏంటంటే, ట్రాక్ (నేను నడిచిన దారి రికార్డు) మాత్రం కట్ట వెంబడి గీత గీసినట్టు ఉంది. తప్పంతా ఫొటోలోనే.

డేటమ్ (లొకేషన్ లెక్కకు ఆధారంగా తీసుకునే కొలమానం) జీపీఎస్ మామూలుగా వాడే డబ్ల్యూజీఎస్ 84 లోనే ఉంది. ఫొటో తీసేటప్పుడు 9 ఉపగ్రహాలు, 4 మీటర్ల ఆక్యురసీ చూపించింది. నెత్తిన చెట్టు కూడా లేదు. వైఫైతో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, మెమరీ కార్డు మార్చాను, ఫ్యాక్టరీ రీసెట్ కూడా అయింది. బ్యాటరీ సేవ్ మోడ్ తీసేసినా అంతే. వైఫై ఆపేసి పది ఫొటోలు తీస్తే రెండే తప్పాయి, ఆన్‌లో ఉంటే పదికి ఏడు.

ట్రాక్ టైముతో ఫొటోలు సరిచూసి ఒక్కోటీ దిద్దుకోవచ్చు, కానీ ఇప్పటికే 600 దాటాయి. రేపు ఎవరైనా ఈ మ్యాపు చూసి తూము వెతుక్కుంటూ వెళ్తారు, తప్పు ఉండకూడదు.

కెమెరా పాత లొకేషన్ వాడకుండా, అప్పటికప్పుడు అందిన లొకేషన్‌నే ఫొటోకి వేయాలంటే ఏ సెట్టింగ్ మార్చాలి?