అనంతపురం ఎండల్లో ప్రెయిరీ డాగ్ బతుకుతుందా? బెంగళూరులో పిల్ల ఉందంటున్నారు

పెన్నగట్టు, అనంతపురం:
అందరికీ నమస్తే. బెంగళూరులో విదేశీ జంతువులు అమ్మే ఒకాయన దగ్గర ప్రెయిరీ డాగ్ (పేరుకే డాగ్, అమెరికా గడ్డిమైదానాల్లో బొరియల్లో ఉండే నేల ఉడుత) పిల్ల ఉందంట. రెండు నెలల మగది, డిసెంబరులో ఇస్తానంటున్నాడు. "మన ఉడుత లాంటిదే సార్, కుందేలు మేత వేస్తే చాలు" అని చెప్తున్నాడు. పేపర్లు అడిగితే పరివేష్ (కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్) సర్టిఫికెట్ ఉందన్నాడు. మాది డాబా ఇల్లు, మేముండేది పై అంతస్తు. దానికోసం ఒక గది ఇవ్వగలం. ఏసీ ఉంది గానీ కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్ మాత్రమే తిరుగుతుంది. మన ఎండకు తట్టుకుంటుందా? ఒక్కదాన్నే పెంచొచ్చా? కుందేలు పంజరం సరిపోతుందా? శనక్కాయ కట్టె మాకు ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, అది మేతగా పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

తుంగభద్ర, కర్నూలు:
రెండు నెలల పిల్ల డిసెంబరులో అన్నాడంటే ఆడనే తేలిపోయిందన్నా. ఇండ్లల్లో పెంచేది దాదాపు అంతా నల్లతోక రకం. దానికి ఏడాదికి ఒక్క కాన్పే. చలికాలం చివర్లో జతకడతాయి, నెలా ఐదు రోజులకు పిల్లలు పెడతాయి, ఆ పిల్లలు ఆరు వారాలు నిండితే గానీ బొరియ బయట మొహం చూపించవు. అంటే రెండు నెలల పిల్ల దొరికేది మే, జూన్‌లలో. డిసెంబరులో ఇచ్చేది ఎనిమిది నెలలు పైబడిందన్నా అయి ఉండాలి, వేరే నేల ఉడుతన్నా అయి ఉండాలి. తోక చూడండి: జానెడు కూడా ఉండదు, చివర నల్లగా ఉంటుంది, ఉడుత తోకలా కుచ్చుగా ఉండదు.

పరివేష్ మాట ఇంకా తమాషా. అందులో నమోదు చేయాల్సింది వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూల్‌లోని జీవులను, అంటే సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోవి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, నమోదు నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చినాయి. ప్రెయిరీ డాగుల్లో ఐదు జాతులుంటే సైటిస్‌లో ఉండేది మెక్సికో జాతి ఒక్కటే. నల్లతోకది అసలు ఆ జాబితాలోనే లేదు. లేనిదానికి సర్టిఫికెట్ యాడనుంచి తెస్తాడు?

జాబితాలో లేదు కదా అని ఎట్లబడితే అట్ల తెచ్చుకునేదానికి లేదు. ప్రాణమున్న జంతువును దిగుమతి చేయాలంటే డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు, పంపిన దేశం పశువైద్యుడి ఆరోగ్య పత్రం, మన క్వారంటైన్ స్టేషన్ క్లియరెన్సు, కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) ఉండాల. ప్రయాణికుడు సామానుతో పాటు తెచ్చుకోగలిగింది కుక్క, పిల్లి మాత్రమే. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో కుక్కుకొచ్చి చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో దొరికిపోతున్న జంతువుల సంగతి పేపర్లలో చూస్తానే ఉన్నాం. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ అడగండి, అందులో సైనోమిస్ లుడోవిసియానస్ అని శాస్త్రీయ నామం, సంఖ్య, తేదీ ఉన్నాయో లేదో చూడండి. "ఇక్కడే పుట్టిందన్నా" అంటే తల్లిదండ్రుల కాగితాలు అడగండి. ఇవి పెంపకంలో సులువుగా పిల్లలు పెట్టవు కాబట్టి ఆ మాట అంత తేలిగ్గా నమ్మొద్దు.

మూలం తెలియకుంటే జబ్బు సంగతీ తెలియదు. 2003లో ఘనా నుంచి అమెరికాకు వచ్చిన ఎలుకల పక్కన ఉంచిన ప్రెయిరీ డాగులకు మంకీపాక్స్ అంటుకుంది. వాటినుంచి ఆరు రాష్ట్రాల్లో 47 మందికి సోకినట్టు లెక్క తేలింది. అప్పుడు పెట్టిన అమ్మకాల నిషేధం 2008 దాకా నడిచింది. ప్లేగు, తులరీమియా (జంతువుల నుంచి మనిషికి అంటే బ్యాక్టీరియా జబ్బు) వేరే.

మూగజీవి, ప్రొద్దుటూరు:
పేపర్ల సంగతి పైన చెప్పారు, నేను ఎండ, పంజరం, పళ్ల గురించి చెప్తాను.

ఎండ అంటే ఆ జంతువుకు కొత్త కాదు. దాని సొంత మైదానాల్లోనూ వేసవిలో 38 డిగ్రీలు దాటుతుంది. కాకపోతే అక్కడ దానికి రెండు మూడు మీటర్ల లోతు బొరియ ఉంటుంది, పైన మధ్యాహ్నం ఎంత మండినా లోపల పెద్దగా తేడా ఉండదు. బొరియకు ఒక నోటి దగ్గర మట్టిని ఎత్తుగా గట్టులా పోస్తుంది, రెండో నోరు పల్లంగా ఉంటుంది. నేలకు కాస్త ఎత్తులో గాలి జోరు ఎక్కువ కాబట్టి ఎత్తు నోటి నుంచి లోపలి గాలి బయటికి లాగుతుంది, పల్లపు నోటి నుంచి కొత్త గాలి వస్తుంది. చిరుగాలికి కూడా సొరంగమంతా గాలి మారుతుంది. పంజరంలో ఉన్నదానికి వేడి నుంచి పారిపోయే ఈ దారి లేదు, చెమట పట్టి చల్లబడే ఒళ్లూ కాదు.

గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. పై అంతస్తు గది వద్దు. మన స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది, ఏసీ ఆగిన గంటలో గది మళ్లీ కాగిపోతుంది. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పనిచేస్తుంది, ఇన్వర్టర్ మీద చిన్న కూలర్ లాగుతుందేమో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. వానలు మొదలయ్యాక కూలర్ వల్ల ఉక్క తప్ప లాభం లేదు. కరెంటు కోతకు: పంజరం నేల మీద రెండడుగుల కడప బండ ఒకటి ఎప్పుడూ పరిచి ఉంచండి. ఫ్రీజర్‌లో రెండు లీటర్ల సీసాలు నాలుగు గడ్డకట్టి పెట్టుకోండి. కరెంటు పోగానే రెండు సీసాలకు గుడ్డ చుట్టి బండ మీద ఒక పక్కన పెట్టాలి. రెండో పక్క ఖాళీగా ఉండాలి, ఎక్కడ పడుకోవాలో అదే చూసుకుంటుంది.

నేలకు అతుక్కుని చాపలా పడుకోవడం, నోరు తెరిచి ఎగపోయడం, చొంగ కారడం, పిలిస్తే పలకకపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే చల్లని గదిలోకి మార్చి పాదాలు, చెవులు, పొట్ట కింద మామూలు నీళ్లతో తడపాలి. ఐసు నీళ్లు పోస్తే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కుందేలు పంజరం పనికిరాదు, ఇరుకు ఒక్కటే కారణం కాదు. బయటికి రావాలని ఊచలు కొరకడం దీని అలవాటు. ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. రోజూ ఇనుము కొరికి ఆ అదురు వేరుకు తగిలితే పన్ను బయటికి పెరగలేక లోపల ముద్దకడుతుంది. పై పళ్ల వేర్లు ముక్కు దారిని ఆనుకునే ఉంటాయి కాబట్టి ఆ ముద్ద ముక్కును మూసేస్తుంది. ఇది ముక్కుతోనే ఊపిరి తీసే జంతువు. మొదట తుమ్ములు, ముక్కు తడి, పడుకున్నప్పుడు గురక వస్తాయి. జలుబనుకుని యాంటీబయోటిక్ ఇస్తూ పోతారు, ఈలోగా మేత మానేస్తుంది. తల ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు, తెలిసినా ఆ పన్ను పీకడం చాలా కష్టమైన ఆపరేషన్. పెంపకంలో వీటిని ఎక్కువగా చంపే వాటిలో ఇదొకటి.

అందుకే రెండింటికి కనీసం 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 90 ఎత్తు పెట్టండి. నేల గట్టిగా ఉండాలి, జాలీ వద్దు. పక్కలకు వెల్డ్ మెష్ వేసినా లోపలివైపు కింది నుంచి అడుగు ఎత్తు వరకు యాక్రిలిక్ షీట్ బిగించండి, కొరికేది ఆ ఎత్తులోనే. మెట్లు, అరలు రెండడుగుల లోపే. ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బో దానికి అంచనా లేదు, నేరుగా నడిచి పడిపోతుంది, పళ్లు విరుగుతాయి. సొరంగాలకు 160 ఎం.ఎం. పీవీసీ పైపు తీసుకోండి, 110ది అయితే ఎదిగినది ఇరుక్కుంటుంది. తవ్వుకోవడానికి 200 లీటర్ల డ్రమ్ములో సగం పైన ఎర్రమట్టి, ఇసుక కలిపి తడిపి అదిమి పోయండి. నల్లరేగడి వద్దు, తడిస్తే బంక, ఎండితే పగుళ్లు. చెదల మందు కొట్టిన ఇంటి చుట్టూ మట్టి అసలే వద్దు.

గడ్డివాము, కడప:
శనక్కాయ కట్టె రోజువారీ మేతగా వద్దు. అది కాయజాతి మేత, లూసర్న్ లాగా మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. పెరిగే పిల్లకు కాస్త చెల్లుతుంది, ఎదిగినదానికి ఒళ్లు పెరుగుతుంది, మూత్రంలో సున్నం చేరుతుంది. పైగా మన కళ్లాల్లో వామి వేసిన కట్టె ఒక్క వాన తడిస్తే లోపల బూజు పడుతుంది. పశువు తట్టుకునే బూజు కిలో బరువు జంతువు తట్టుకోదు. ఇంక శనక్కాయ గింజలు, పొద్దుతిరుగుడు గింజలు చేత్తో పెడితే ముద్దుగా తింటుంది, అందుకే అందరూ పెడతారు. మొత్తం నూనే కదా. ఎదిగినది 700 గ్రాముల నుంచి 1,100 దాకా ఉంటే సరి. కూర్చున్నప్పుడు పొట్ట నేలమీద పరుచుకుంటుంటే బరువు ఎక్కువైనట్టు. వారానికొకసారి వంటింటి డిజిటల్ తక్కెడలో తూచి రాసిపెట్టుకోండి, బరువు తగ్గడమే పళ్ల జబ్బుకు తొలి ఆనవాలు.

మేతలో సింహభాగం ఎండుగడ్డే, రాత్రింబగళ్లు ముందర ఉండాలి. తిమోతి గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దిగుమతి సరుకు కాబట్టి ఖరీదు. మనకు గరిక ఉంది. మందు కొట్టని గట్టు మీద, పూత రాకముందు కోసి నీడలో పచ్చదనం పోకుండా ఆరబెట్టండి. వరిగడ్డిలో సత్తువ లేదు, కింద పరుపుగా వేసుకోవచ్చు. జొన్న లేత పిలకలు ఏ రూపంలోనూ వద్దు, పశువులకు నాము తగిలేది వాటితోనే. దాణా అంటే గడ్డితో చేసిన కుందేలు పెల్లెట్లు, రంగురంగుల గింజల మిక్స్ కాదు, ఎదిగినదానికి రోజుకు రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఆకుకూర పిడికెడు. పండు, బెల్లం, బిస్కెట్ వద్దు. కొరకడానికి జామ కొమ్మలు వేయండి. గన్నేరు, జిల్లేడు దగ్గరికి రానివ్వొద్దు.

నీళ్లు మర్చిపోవద్దు. అనంతపురం వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎప్పుడూ పెరుగుతుండే పళ్ల ఎనామిల్‌ను అది నేరుగా దెబ్బతీస్తుంది. ఆర్‌ఓ నీళ్లు పోయండి.

పెన్నగట్టు, అనంతపురం:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒక్కటా, రెండా అన్నది చెప్పలేదు. మగది కరుస్తుందంటారు, నిజమేనా?

మూగజీవి, ప్రొద్దుటూరు:
అడవిలో ఒక మగది, రెండు నుంచి నాలుగు ఆడవి, వాటి పిల్లలు కలిసి ఒక కుటుంబం. ఒకదాన్నొకటి పళ్లు తాకించి పలకరించుకుంటాయి, ఒళ్లు దువ్వుకుంటాయి. ఒక్కదాన్నే ఉంచితే ఆ పనంతా మనిషి చేయాలి, రోజుకు మూడు నాలుగు గంటలు. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు పోతే అది ఊచలు కొరకడం మొదలుపెడుతుంది, పైన చెప్పిన పళ్ల కథ అక్కడే మొదలు.

కరవడం నిజమే. ఎదిగిన మగది డిసెంబరు నుంచి మార్చి దాకా ఎద కాలంలో వేరే జంతువైపోతుంది. తోక నిక్కబొడుచుకుని ఊపుతూ, మలద్వారం దగ్గరి గ్రంథులు బయటికి తెచ్చి కంపు వదులుతూ మీదికి వస్తుంది. రోజూ ఒళ్లో పడుకునేదే వేలు ఎముక దాకా కొరుకుతుంది. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు, పారే నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వృషణాలు తీయించడం మొదటి ఎద కాలానికి ముందే జరగాలి. ఒళ్లు వచ్చాక మత్తు ఇవ్వడం ప్రమాదం. ఎద కాలం కానప్పుడు వృషణాలు పొట్టలోకి వెళ్లిపోతాయి, అందుకని ఈ జంతువుకు చేసిన అనుభవం ఉన్న సర్జన్ కావాలి. ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలల్లో అడిగి చూడండి, లేదంటే బెంగళూరే. జంతువును కొనకముందే డాక్టరును వెతుక్కోండి.

నల్లరేగడి, నంద్యాల:
ఇంత చదివినాక కూడా కొంటానంటే మీ ఇష్టం. నాకైతే ఇది గదిలో ఉంచే జంతువు కాదు. అమెరికాలో వీటిని పట్టేవాళ్లు బొరియలకు పెద్ద పైపు పెట్టి వ్యాక్యూమ్ లారీతో పీల్చేస్తారు, అమ్మకానికి పోయేవి చాలావరకు అట్ల వచ్చిన అడవి పిల్లలే. పశువుల మేత తింటాయని అక్కడి రైతులు నూరేళ్లకు పైగా విషం పెడతున్నారు. ఇప్పుడు పెట్టేది మన చేలల్లో ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడే. 1900 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగిన ప్లేగు ఇప్పటికీ ఒక్కో కాలనీలో నూటికి తొంభైకి పైగా తుడిచిపెడుతుంది. వాటినే తిని బతికే నల్లకాళ్ల ఫెరెట్ (ముంగిస లాంటి వేట జంతువు) అంతరించిందనే అనుకున్నారు, 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర మళ్లీ కనబడింది. బొరియ గుడ్లగూబలు వీటి పాత బొరియల్లోనే కాపురం పెడతాయి.

ఇంకోటి. విసుగొచ్చి రోళ్లపాడు లాంటి గడ్డిమైదానంలో వదిలేద్దామని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. అవి శత్రువు కనబడాలని చుట్టూ గడ్డినంతా మొదలంటా కొరికేస్తాయి. బట్టమేక పిట్టకు దాక్కునేదానికి ఆ గడ్డే ఆధారం.

పెన్నగట్టు, అనంతపురం:
డిసెంబరు పిల్ల వద్దని చెప్పేశాను. ఇప్పుడు అదే ఆయన, ఎవరో పెంచి వద్దనుకున్న రెండేళ్ల ఆడది ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి అంటున్నాడు. వెళ్లి చూస్తే ఏం చూడాలి?

మూగజీవి, ప్రొద్దుటూరు:
కాగితాలు తుంగభద్ర గారు చెప్పినట్టు చూడండి. జంతువు దగ్గర: ముందు గదిలో అందరూ మాట్లాడటం ఆపి రెండు నిమిషాలు దాని ఊపిరి వినండి, ఈల, గురక ఏదైనా వస్తే అక్కడితో ఆపేయండి. దూదిని సన్నగా పోగులా లాగి ఒక్కో ముక్కుపుటం ముందు పట్టుకోండి, రెండు వైపులా సమానంగా కదలాలి. పంజరం ఊచల మీద రంగు ఊడిన చోట్లు, పంటి గాట్లు ఉన్నాయా? పై పళ్లు విరిగి ఉన్నాయా, వంకర పోయాయా? ముందరి కాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉంటే కారే ముక్కును దాంతో తుడుచుకుంటోందని అర్థం. అన్నీ బాగున్నా తల ఎక్స్‌రే పక్క నుంచి, పై నుంచి రెండు తీయించాకే డబ్బు ఇవ్వండి.

అనంతపురం తేవడం తెల్లవారుజామున పెట్టుకోండి, హైవే మీద నాలుగు గంటల లోపే. గట్టి ప్లాస్టిక్ క్యారియర్, లోపల ఎండుగడ్డి, నీళ్ల బదులు దోసకాయ ముక్క. కారు ఎక్కడ ఆపినా ఏసీ ఆపొద్దు.