‘దొంగ’ అన్న ముద్ర పడిన పిల్లవాడు మళ్ళీ అటే వెళ్తాడా?

ప్రశ్న:
నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు సెల్‌ఫోన్ దొంగిలించి పట్టుబడితే, జువెనైల్ జస్టిస్ బోర్డు మందలించి ఇంటికి పంపింది. అప్పటినుంచి తరగతిలో పెన్ను పోయినా ముందుగా వాడి సంచే వెతుకుతున్నారు. తమ పిల్లలను వాడి పక్కన కూర్చోబెట్టవద్దని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. ఇప్పుడు వాడు బడి మానేసి, ఏ పనీ లేని పెద్ద కుర్రాళ్ళతో తిరుగుతున్నాడు. వాడి స్వభావమే అంతా, లేక మనం వేసిన ముద్ర వాడిని అటు నెడుతోందా?

మొదటి జవాబు:
అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ లెమర్ట్ 1951లోనే ఈ రెంటినీ వేరు చేసి చూపాడు. మొదటి తప్పుకు లేమి, సావాసం, ఆకతాయితనం వంటి ఎన్నో కారణాలుంటాయి. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు ఆ తప్పుతోనే మనిషిని గుర్తించడం మొదలుపెట్టాక, అతడు కూడా తనను ఆ కంటితోనే చూసుకుని, ఆ గుర్తింపుకు తగ్గట్టే మసలుకోవడం రెండో దశ. మీ విద్యార్థిని అనుమానించకుండా కలుపుకున్నది ఆ పెద్ద కుర్రాళ్ళు మాత్రమే కదా, వాడు ఇంకెక్కడికి వెళ్తాడు?

రెండో జవాబు:
ముద్ర పడిన ప్రతివాడూ నేరస్థుడు కాడు. లెమర్ట్ చెప్పిన ఆ సిద్ధాంతం మొదటి దొంగతనాన్ని వివరించదు కూడా. అయినా ముద్ర ఎంత దూరం పోగలదో మన చరిత్రలోనే ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. 1897 సవరణ నాలుగేళ్ళ పసివాళ్ళను సైతం తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ కేంద్రాల్లో ఉంచే అధికారమిచ్చింది. ఎరుకల కుటుంబాలను ఉంచిన బాపట్ల ప్రాంతపు స్టూవర్టుపురం ఆ చట్టం నీడలో ఏర్పడిన ఊరే. 1952లో దేశమంతటా చట్టం రద్దయినా, ఆ ఊరి పేరు వినగానే అనుమానంగా చూసే అలవాటు పోలేదు. ఏ దొంగతనమూ ఎరుగని పిల్లలు దాన్ని మోశారన్నది నన్ను అన్నిటికన్నా బాధిస్తుంది.

మూడో జవాబు:
2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి వివరాలు పత్రికల్లో రాకూడదు. పెద్దవాడిగా విచారించాల్సినంత ఘోరమైన కేసు కాకపోతే ఆ తీర్పు వల్ల భవిష్యత్తులో అనర్హత కూడా అంటదు. చట్టం చెరిపేసిన గతాన్ని తరగతి గది తిరగదోడుతోంది. ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి ఆ సంచి సోదా వెంటనే ఆపించండి. వస్తువు పోతే అందరినీ ఒకేలా అడగండి. వాడి ఇంటికి వెళ్ళినప్పుడు కేసు ఊసెత్తకుండా, పరీక్షలు ఎప్పుడో, ఏ పాఠాలు మిగిలాయో మాట్లాడండి.