చేపల ఫ్రైకి పిండి పట్టించాలా, వద్దా?

నల్లగొండ_వంటిల్లు:
బియ్యప్పిండో కార్న్‌ఫ్లోరో కలపకుంటే మసాలా అంతా పెనానికే అంటుకుంటదని ఈ మధ్య ఎవరిని అడిగినా అదే చెప్తున్నరు. మా ఇంట్ల మాత్రం కారం, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, నిమ్మరసం. అంతే. పిండి పడితే చేప రుచి పిండి కిందికి పోతదని నా మాట. మీరేమంటరు?

గద్వాల_బిడ్డ:
అక్కా, నేను పిండి దిక్కే. జూరాల డ్యాం కాడ రోడ్డు పక్కన వేయించే చేపల కోసం ఎక్కడెక్కడి బండ్లో ఆగుతయి. దేనికోసం? పైన ఆ కరకర కోసమే. పిండి లేకుంటే ఇంట్ల అది రాదు.

సాగర్_కట్ట:
తమ్మీ, అక్కడ కడాయి నిండ నూనె కాగుతుంటది, ముక్క అందుల మునిగి తేలుతది. ఇంట్ల పెనం మీద రెండు మూడు చెంచాల నూనె. రెండూ ఒక్క వంట కాదు.

అసలు ఏ చేపో మీరిద్దరూ చెప్పలేదు. కొర్రమేను గట్టి కండ, ముల్లు తక్కువ. దాన్ని మన రాష్ట్ర చేప చేసుకున్నం, దానికి పిండి పూసుడు నాకైతే సహించదు. బొచ్చె, రవ్వ చేపలు వేరు. కండల సన్న ముండ్లుంటయి, అందుకే ముక్క మీద దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలె. మసాలా లోపలికి దిగుతది, సన్న ముండ్లు కూడా నూనెల కరకరలాడుతయి. బొచ్చె ముక్క మందం ఉంటే మంట పెంచొద్దు. కారం ముందే మాడి చేదెక్కుతది, నడిమిల మాత్రం పచ్చిగనే ఉంటది.

పెనానికి అంటుకునేది పిండి లేక కాదు, తడి ఉండి. కడిగిన ముక్కల్ని జల్లెడల వేసి నీళ్లు కారనియ్యాలె, బట్టతో అద్దాలె, అటెంక మసాలా. నూనె బాగా కాగినంక ముక్క వెయ్యాలె. వేసినంక కదపొద్దు. కింద వేగితే దానంతట అదే పెనాన్ని వదులుతది. తొందరపడి అట్లకాడ పెట్టినోళ్లే చేప విరిగిందని పిండి డబ్బా తీస్తరు.

మిర్యాలగూడ_మిల్లు:
సాగర్ అన్నా, మీ మాట అప్పుడే పట్టిన చేపకు సరిపోతది. పట్నాల మాకు దొరికేది ఐసు పెట్టెల నుంచి వచ్చిన చేప. ఎంత అద్దినా ఉప్పు తగలంగనే మళ్ల నీళ్లు విడుస్తది. కిలోకు రెండు చెంచాల బియ్యప్పిండి ఆ నీళ్లను పీలుస్తది, మసాలాను ముక్కకు పట్టి ఉంచుతది. రుచి దాచేంత కాదది. కార్న్‌ఫ్లోర్ మాత్రం నాకూ వద్దు, చల్లారినంక సాగినట్టయితది.

పాలమూరు_పల్లి:
పిండి సంగతి మీరే తేల్చుకోండి. పల్లినూనె ఒక్కటి మార్చకండి. మసాలాల ఆఖరుకు ఒక చెంచా పల్లినూనె కలిపి చూడండి, ముక్కకు ఎంత చక్కగ పడుతదో.

గద్వాల_బిడ్డ:
అన్నా, ముక్కలకు నిమ్మరసం పట్టించి రాత్రంతా నానబెట్టుమంటరు కొందరు. అది సరేనా?

సాగర్_కట్ట:
వద్దు తమ్మీ. పులుపుకు కండ ఉడికినట్టు తెల్లబడి, పెనం మీద పొడిపొడిగా రాలుతది. అరగంట చాలు. చెరువు చేపకు మట్టివాసన ఉంటే ఆ పులుపే తగ్గిస్తది, అందుకే నిమ్మకాయ మొత్తానికే మానెయ్యకు. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ పక్కనే పెట్టుకొని నిమ్మకు కరువేంది మనకు!

నల్లగొండ_వంటిల్లు:
మిల్లు తమ్ముడు చెప్పిన ఐసు చేప మాట ఒప్పుకుంటున్న, దానికి రెండు చెంచాల బియ్యప్పిండి వేసుకోండి. మా ఉదయసముద్రం చెరువు నుంచి పొద్దుగాల తెచ్చిన రవ్వ చేపకు మాత్రం చిటికెడు కూడ వెయ్యను. గద్వాల తమ్మీ, ఈ ఐతారం రెండు ముక్కలు పిండితో, రెండు పిండి లేకుండ ఒక్క పెనం మీదనే వేయించి, ఏవి ముందు అయిపోయినయో ఇక్కడ రాయి.