బిల్ట్‌మోర్: 11:30కి భవనం, 1:30కి వైన్, రెండూ కుదురుతాయా?

వచ్చే శనివారం నేనూ మా ఆవిడా అమెరికాలోని నార్త్ కరోలినాలో షార్లట్ నుంచి ఆష్‌విల్‌లోని బిల్ట్‌మోర్ ఎస్టేట్‌కు కారులో వెళ్తున్నాం. రాత్రి 7:30కల్లా తిరిగొచ్చి స్నేహితుల ఇంటి నుంచి బాబును తీసుకోవాలి.

జార్జ్ వాండర్‌బిల్ట్ కట్టించిన 250 గదుల భవనంలోకి మాకు దొరికిన ప్రవేశ సమయం 11:30. వైన్ రుచి చూడటం టికెట్‌లోనే కలిసి ఉన్నా దానికి విడిగా సమయం తీసుకోవాలి. అది 1:30కి దొరికింది.

చిక్కంతా దూరంతోనే. వైన్ రుచి చూపించే వైనరీ ఆ భవనానికి పక్కన లేదు. ఎస్టేట్‌లోనే కొన్ని మైళ్ల అవతల, పాత పాడిశాలలో ఉంది. భవనం నుంచి పార్కింగ్ దాకా షటిల్ బస్సు, అక్కడి నుంచి మళ్లీ మన కారు. శనివారం రద్దీలో ఆ బస్సు కోసం ఎంతసేపు నిలబడాలో ఏ మ్యాపూ చెప్పదు.

వైన్ సమయం మారుద్దామంటే మిగిలింది 4:45 ఒక్కటే. అప్పుడు 7:30కి ఇల్లు చేరలేం. భవనానికి ఉదయం వేళలన్నీ నిండిపోయాయి. తోటలు ఎలాగూ వదులుకున్నాం. ఆడియో గైడ్ మాత్రం వదలను. ఆ గ్రంథాలయాన్నీ, నేలమాళిగలోని ఈతకొలనునూ పరుగున చూసేందుకైతే అంత డబ్బు పెట్టడం దేనికి? కారు నడిపేది నేనే కనుక వైన్ రుచి చూసేది ఆవిడే. దాన్ని రద్దు చేసే ధైర్యం నాకు లేదు.

శనివారం వెళ్లి వచ్చినవారు చెప్పండి: 11:30కి లోపలికి వెళ్లి, ఆడియో గైడ్ వింటూ భవనమంతా చూసి, 1:30కల్లా వైనరీ చేరగలమా?