ఉల్లి వేరు కొనలో చలనదశ నిజంగా 14 నిమిషాలేనా?

నమస్కారం. డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. గ్లాసు నీళ్లపై ఉల్లిపాయ నిలిపి మొలిపించిన వేళ్ల కొనలు కోసి, ఎసిటోకార్మిన్ అనే రంగు పట్టించి, బొటనవేలితో నొక్కి స్లైడ్లు చేశాను. మూడు పాడయ్యాక నాలుగోది కుదిరింది. చలనదశ (అనాఫేజ్: కణవిభజనలో క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోయే దశ) కణం ఎంత ముచ్చటగా ఉందో! వేళ్లు ఎదురెదురుగా చాచిన రెండు అరచేతులు మెల్లగా దూరం జరుగుతున్నట్టు.

200 కణాలు లెక్కపెట్టాను: అంతర్దశ (రెండు విభజనల మధ్య దశ) 171, ఇక విభజన దశలు వరుసగా ప్రథమదశ 18, మధ్యస్థదశ 5, చలనదశ 2, అంత్యదశ 4. చచ్చిన కణాల్లో కాలం కనబడదు కాబట్టి, ఏ దశలో ఎన్ని ఉంటే దానికి అంత సమయమని లెక్క. మా ల్యాబులో కణచక్రం (ఒక విభజన నుంచి మరో విభజన దాకా) మొత్తానికి 24 గంటలు తీసుకోమన్నారు. ఆ ప్రకారం చలనదశ సుమారు 14 నిమిషాలు. కానీ ఇంకొక్క కణం దొరికి ఉంటే 22 నిమిషాలయ్యేది! ఇదేం లెక్కో నాకు నమ్మకం కుదరడం లేదు.

కనీసం ఎన్ని కణాలు లెక్కపెట్టాలి? కొనకు కాస్త పైన, విభజన మానేసి పొడవు సాగుతున్న కణాలను కూడా అంతర్దశలో కలిపేశానేమో. వాటిని ఎలా గుర్తుపట్టి వదిలేయాలి? అంతర్దశ ముగిసి ప్రథమదశ మొదలైందని మీరు దేన్ని చూసి తేల్చుకుంటారు? ఈ ప్రయోగం స్వయంగా చేసినవారు చెప్పగలరా?